రెండు మేకుల మధ్య

పొద్దున ఎనిమిది దాటింది. ఆకాశం కడగని గిన్నెలా ఉంది. గాలి లేదు. గాలి లేకపోవడమే ఆమెకి నచ్చలేదు.

వంటగదిలో టీ పోస్తోంది. రెండో గ్లాసు సగంలో ఉండగా భుజాల్లో ఆ గుంజుడు తెలిసింది. గిన్నె కింద పెట్టి, గట్టు నుంచి ఓ అడుగు వెనక్కి జరిగింది. చేతులు వాటంతటవే రెండు పక్కలకీ విచ్చుకున్నాయి, వేళ్ళ చివర్ల దాకా. ముడుచుకున్నాయి. మళ్ళీ విచ్చుకున్నాయి. అలా ఆరుసార్లు. తర్వాత మామూలు చేతులైపోయాయి. ఆమె గిన్నె తీసుకుని మిగిలిన టీ పోసింది.

"ఎవరిదే?" అంది ముందుగదిలోంచి అత్తగారు.

"నీలం పడవ. ఆరు బారలు. బురద మీదున్నారు."

"మరి వల వెయ్యమను," అంది అత్తగారు, అక్కడికి వాళ్ళేదో వింటున్నట్టు. "టీలో పంచదార దాచుకోకు."

రేవులో చిన్న పడవలన్నిటికీ లోతు చూసే తాళ్ళు ఆ ఇంట్లోనే తయారవుతాయి. తాడు చివర సీసపు గుండు. గుండు అడుగున చిన్న గుంట, అందులో కాస్త కొవ్వు. కింద ఇసుకుంటే ఇసుక, బురదుంటే బురద దానికి అంటుకుని పైకొస్తుంది. తాడు పొడుగునా బారకో ముడి. మూడో బార దగ్గర మాత్రం తోలుముక్క, చూడకపోయినా వేళ్ళకి తెలిసేలా. ఆ బార ఏ కర్రతోనో ఇనపబద్దతోనో కొలిచింది కాదు. ఆ ఇంటి ఆడవాళ్ళు చేతులు రెండూ చాచితే ఈ కొస నుంచి ఆ కొసకి ఎంతో అంత. అలా కొలిచిన తాడు ఎక్కడ నీళ్ళలోకి దిగినా, ఎన్ని బారలు దిగితే అన్నిసార్లు ఇంటి దగ్గర ఆ చేతులు విచ్చుకుంటాయి. కింద ఇసుకో బురదో కూడా ఆ చేతులకి తెలుస్తుంది. ఎవరి తాడు గుంజుడు వాళ్ళది. నీలం పడవది మెత్తగా ఉంటుంది. ముసలి జాలరిది కసురుకున్నట్టు ఉంటుంది.

వీధిలో ఎవరికీ ఇది వింత కాదు. ఆమె చేతులు విచ్చుకుంటే కూరలమ్మేది తక్కెడ పట్టుకుని ఆగుతుంది. ఎదురింటి దర్జీ పక్కకి తప్పుకుని, "నా టేపు అరిగిపోయింది, ఆ చేతులు ఓ పూట అద్దెకిచ్చి పో" అంటాడు. ఒకసారి రేవు ఆఫీసుకి కొత్తగా వచ్చిన ఆఫీసరు కొట్టు చూడ్డానికి వచ్చి, ఆమెకి మరీ దగ్గరగా నిలబడి మాట్లాడాడు. ఆయన చెంప ఛెళ్ళుమంది. ఒకటి కాదు, నాలుగు. ఆయన చెంప పట్టుకుని, "ఎన్ని బారలు?" అనడిగాడు. నాలుగే కదా అంది ఆమె. అప్పట్నుంచి ఆయన గుమ్మం బయటే నిలబడి మర్యాదగా మాట్లాడతాడు.

ముందుగదే కొట్టు. గోడల పొడుగునా తాళ్ళ చుట్టలు, తారు వాసన, గుమ్మం పక్కన అత్తగారి కుర్చీ. వెనక గోడకి, మనిషి ఛాతీ ఎత్తులో, రెండు ఇనప మేకులు. ఆ మేకుకీ ఈ మేకుకీ మధ్య ఒక బార. ఆ ఇంటికి కోడల్ని తెచ్చుకునేటప్పుడు ముఖం చూడరు. ఆ గోడ దగ్గర నిలబెట్టి చేతులు చాచమంటారు. రెండు నడివేళ్ళూ రెండు మేకులకీ తగిలితే సంబంధం కుదిరినట్టే. "మీ అబ్బాయి నన్ను చూసి చేసుకున్నాడనుకున్నారా, నా రెక్కలు చూసి చేసుకున్నాడు" అని ఆమె అత్తగారితో అంటుండేది, అనగలిగిన రోజుల్లో.

వీధి గుమ్మానికి రెండు తలుపులు. అవి మూయరు. వాన జల్లు కొడితే చాప లోపలికి లాగుతారు కాని తలుపు మూయరు. దొంగలొస్తారని దర్జీ అన్నప్పుడు, రానీ, కొలిచి పంపిద్దాం అంది అత్తగారు. అసలు సంగతి వీధికంతా తెలుసు. ఎవరూ ఎత్తరు.

ఆ వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. కన్నతల్లి తన బిడ్డ ఎక్కే పడవకి తాడు కొలవకూడదు. మరొకటి కూడా ఉంది. ఒకసారి కొలిచిన తాడుని మళ్ళీ కొలిచి చూడకూడదు. అనుమానపడ్డ తాడు ఆ తర్వాత ఎప్పుడూ నిజం చెప్పదంటారు. అత్తగారు ఒకే ఒక్కసారి మొదటి కట్టుబాటు తప్పింది. కొడుకు పడవకి అర్జంటుగా తాడు కావలసి వచ్చింది, కోడలు చంటిపిల్లతో మంచం మీదుంది. తనే కొలిచింది. ఇసుకమేట దగ్గర ఆ తాడు మూడు బారలంది. మూడు లేవు. పడవ చెక్కలు కొన్ని ఒడ్డుకొచ్చాయి. కొడుకు రాలేదు, తాడూ రాలేదు. ఆనాటి నుంచి తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఒక్కోసారి అత్తగారి చేతులు సగం మాత్రం విచ్చుకుని ఆగిపోతాయి. 

ఆ చంటిపిల్ల ఇప్పుడు మేనమామ పడవలో గుండు వేస్తుంది. ఆ పడవ చేపలు పట్టదు. బయట్నుంచి వచ్చే పెద్ద పడవలకి ముందు నడిచి, లోతు చూసుకుంటూ మేట దాటించి రేవులోకి తెస్తుంది. దాని తాడు మాత్రం ఎప్పుడూ నానమ్మే కొలుస్తుంది. మనవరాలంటే ఆవిడకి ప్రేమ లేక కాదు. ఆవిడ చేతులకి ఆ ఒక్కసారితోనే బెదురు తీరిపోయింది.

అలాంటి అత్తగారు కిందటి వారం తడి మెట్ల మీద జారింది. భుజం తొలిగింది. ఎముకల డాక్టరు కుడిచెయ్యి ఛాతీకి కట్టేసి, కదపకూడదన్నాడు. "నేనెక్కడ కదుపుతున్నాను నాయనా, సముద్రం కదుపుతోంది" అంది ఆవిడ.

టీ గ్లాసులు కడుగుతుండగా తమ్ముడు వచ్చాడు. ఆ పడవకి చుక్కాని పట్టే సరంగు వాడే. వెనకాలే కూతురు, చేతిలో పీచుపీచైన తాడు ముక్కతో. వాళ్ళ వెనక ఇంజను మనిషి, నోట్లో ఎప్పుడూ బీడీ ఉంటుంది కనక పొగగొట్టం అంటారు. ఆఖర్న కొత్త పెళ్ళికొడుకు. అతనికి పెళ్ళయి ఆర్నెల్లవుతోంది, పేరు మాత్రం ఇంకా పాతబడలేదు.

తాడు ఇంజను రెక్కకి చుట్టుకుని తెగిపోయిందట. మేట అవతల ప్రయాణికుల పడవ ఒకటి లంగరు వేసుకుని ఉందట, పిల్లాజెల్లా అంతా అందులోనే. మధ్యాహ్నం దాటితే గాలి లేస్తుందని రేవు ఆఫీసు చెప్పింది. మిగతా చిన్న పడవలన్నీ వేటకి పోయాయి, అరువు తాడు దొరకదు. ఇదంతా తమ్ముడు గుమ్మంలో నిలబడే చెప్పాడు, అక్క ముఖంలోకి చూడకుండా.

"అత్తయ్యగారి చెయ్యి ఎలా ఉంది?" అన్నాడు చివరికి.

"కనబడట్లా?" అంది అత్తగారు.

 పొగగొట్టం బీడీ ఆర్పేశాడు. అతను బీడీ ఆర్పడం ఎవరూ చూసి ఎరగరు.

ఆమె కూతురి వైపు చూసింది. "నువ్వు దిగిపో. నువ్వు దిగిపోతే కొలుస్తాను."

"నేను దిగిపోతే గుండు ఎవరు వేస్తారమ్మా? పెళ్ళికొడుకు వేస్తాడా? మొన్న వేసి రెండున్నర అని అరిచాడు. చూస్తే గుండు పడవలోనే ఉంది, తన కాలి మీద."

పెళ్ళికొడుకు నవ్వాడు. బొటనవేలికి ఇంకా కట్టు ఉంది.

"మావయ్యని వెయ్యమను."

"మావయ్య చుక్కాని వదిలితే పడవ నువ్వు నడుపుతావా?" కూతురు దగ్గరికి వచ్చింది. "పూర్తిగా చాచు, అంతే కదా. తెలియక కొలిస్తే తప్పు గాని, తెలిసి కొలిస్తే ఏమవుతుంది?"

ఆ మాట ఆమెకీ నిజమేననిపించింది. ఆ ఇంట్లో ఆ పొరపాటు చెయ్యగలిగింది ఇలా అనుకున్నవాళ్ళే.

అత్తగారు ఎడంచేత్తో కుర్చీ పట్టుకుని ముందుకి వంగింది. "నీకు బార అంటే ఏంటో చెప్పానా?"

చాలాసార్లు చెప్పింది. అయినా ఆమె ఆగింది.

"మొదట్లో అది కొలత కాదే. పడవ దిగి వచ్చేవాళ్ళ కోసం ఒడ్డున నిలబడి చేతులు చాచడం. ఆ చాపుకే పేరు బార. వచ్చినవాడు వచ్చి అందులో దూరితే ఇక ఆ పేరుతో పని ఉండేది కాదు. ఒకరోజు ఒకడు రాలా. వాడి తల్లి చేతులు అలాగే ఉండిపోయాయి. వాడు ఎంత లోతులో పడ్డాడో చూద్దామని, ఖాళీగా మిగిలిన ఆ చేతుల మీదే తాడు పరిచి కొలిచారు. కొలత అప్పుడు పుట్టింది." ఆవిడ వెనక్కి వాలింది. "వచ్చేవాళ్ళతో కాదు, రానివాళ్ళతో పుట్టింది. కన్నది కొలిస్తే ఆ చేతులకి ఆ సంగతి గుర్తొస్తుంది. నీకు చాచినట్టే ఉంటుంది. ముడుచుకుంటాయి."

"చాచుతాను అత్తయ్యా."

"నీ ఇష్టం. ఆ పడవలో పిల్లలున్నారంటున్నాడు."

ఆమె కొత్త తాడు తీసి బాల్చీలో ముంచింది. తడితాడే కొలవాలి, పొడితాడు అబద్ధం. గోడ దగ్గర తాడు కొలవరు, అది మేకుల బార అవుతుంది గాని మనిషిది కాదు. గదిమధ్య నిలబడి, కొస ఎడంచేత్తో పట్టుకుని, కుడిచెయ్యి జార్చుకుంటూ పోయింది. ఒకటి. ముడి వేసింది. కూతురు ఎదురుగా నిలబడి కొలిచిన తాడు చుట్ట చుడుతోంది. దాని జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది. చిన్నప్పుడు రేవు గట్టు మీద ఇలాంటి జుట్టుతోనే ఆమె వైపు పరిగెత్తుకొచ్చేది. పిల్ల ఇంకా రెండడుగుల దూరంలో ఉండగానే ఆమె చేతులు మూసుకునేవి, ఎక్కడ నీళ్ళ వైపు తిరుగుతుందోనని. రెండు. ముడి. మూడు. తోలుముక్క కట్టింది. పది బారలదాకా అలా. చాచిన ప్రతిసారీ భుజాలు పూర్తిగా తెరుచుకున్నట్టే ఉంది. మనసులో అనుకుంది కూడా, ఇదిగో, చాచాను కదా అని.

"పూర్తిగా చాచావా?" అంది అత్తగారు. కూతురి వీపు అడ్డంగా ఉండి ఆవిడకి కనబడలేదు.

"చాచాను."

గుండు కట్టారు. కొవ్వు పూశారు. కూతురు తాడు భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "మధ్యాహ్నం ఎవరి మీదా చెయ్యి చేసుకోకు" అంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. వాళ్ళు వెళ్ళాక ఆమె నేల మీద తడి తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

బారెడు పొద్దెక్కాల్సిన వేళకి కూడా పొద్దు కనబడలేదు. పన్నెండు గంటలప్పుడు ఉతికిన బట్టలు తీగ మీద ఒక్కసారిగా సముద్రం వైపు తిరిగాయి. ఎదురింటి దర్జీ కొట్టు సగం తలుపు దించేశాడు. పెళ్ళికొడుకు భార్య వచ్చి గుమ్మంలో కూర్చుంది. ఇలాంటి రోజుల్లో పడవవాళ్ళ ఆడవాళ్ళు ఆ ఇంటికి రావడం మామూలే. అక్కడైతే ఎంత లోతులో ఉన్నారో తెలుస్తుంది. ఆ పిల్లకి ఇది మొదటిసారి.

"నేనేం చెయ్యాలి పిన్నీ?" అంది.

ఏం లేదు, ఊరికే కూర్చోవడమే అంది ఆమె. ఆ పిల్ల చేతిలో బఠాణీల చేట పెట్టింది. పిల్ల వలవడం మొదలుపెట్టింది. గింజలు నేల మీదా, తొక్కలు గిన్నెలోనూ పడుతున్నాయి.

మొదటి గుంజుడు అప్పుడు వచ్చింది.

ఆమెకి తెలిసిపోయింది. ఇంత దగ్గరి గుంజుడు ఇంతవరకూ ఏ తాడుదీ కాదు. భుజాల్లోంచి కాదు, పక్కటెముకల కింద నుంచి వచ్చింది. ఎవరికీ తగలకుండా వెనక గోడకి ఆనుకుని నిలబడింది, ఎప్పుడూ నిలబడే చోటే. చేతులు విచ్చుకున్నాయి. తొమ్మిది.

"బాగా లోతు," అంది గుమ్మంలో పిల్ల, సంతోషంగా.

 తొమ్మిదిసార్లు చేతులు విచ్చుకున్నాయి. తొమ్మిదిసార్లలో ఒక్కసారి కూడా వేళ్ళకి మేకులు తగల్లేదు.

గోడకి ఇంకాస్త ఆనుకుంది. మళ్ళీ గుంజింది. ఎనిమిది. తల తిప్పి చూసింది. కుడి నడివేలికీ మేకుకీ మధ్య సున్నం కనబడుతోంది. ఎడంపక్కన కూడా. రెండూ కలిపితే జానెడు.

అత్తగారు చూస్తోంది. ఆవిడ కూడా మేకుల్నే చూస్తోంది.

బారకో జానెడు. ముడులు దగ్గర దగ్గరగా పడ్డాయి. ముడులు దగ్గరగా పడిన తాడు లేని నీళ్ళు ఉన్నాయని చెబుతుంది. మేట మీద మూడు బారలుంటే పడవ దాటుతుంది. తగ్గితే అల అక్కడే లేచి అక్కడే విరుగుతుంది, కింద ఎవరున్నా చూడదు. ఆ తాడు మూడనేసరికి అక్కడ మూడు ఉండవు. ఆ సంగతి ఈ గదిలో ఇద్దరికి తెలుసు. తెలియాల్సిన పిల్ల అలల మీద ఉంది.

"కబురు పంపలేమా?" అంది గుమ్మంలో పిల్ల. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆ పిల్లకి కూడా అర్థమైంది.

రేవు ఆఫీసు సైరను ఈ గాలిలో వీధి చివరికే వినబడదు. ఇంకో పడవ లేదు. ఆమె కళ్ళు గుమ్మం వైపు పోయాయి, కాళ్ళు కూడా పోబోయాయి.

"ఎక్కడికి?" అంది అత్తగారు. "గోడ వదలకు."

ఆవిడ కుర్చీలోంచి లేచింది. లేవకూడదని డాక్టరు చెప్పాడు. కుడిచెయ్యి కట్టేసే ఉంది, ఎడంచేత్తో గోడ పట్టుకుంటూ వచ్చింది. "ఆ రోజు నా కొడుకు తాడు గుంజుతుంటే నేను చేతులు గుండెకి హత్తుకుని కూర్చున్నాను. అందరూ చూశారు, నువ్వూ చూశావు. గట్టిగా పట్టుకుంటే ఆగుతాడనుకున్నా." ఆవిడ కోడలి ఎడం మణికట్టు పట్టుకుంది. "తాడు నిన్ను లాగుతుంది కదా. నువ్వు తాడుని లాగు. మేకులు అందుకో."

ఆరు. ఈసారి ఆమె చాచింది. చేతులు వాటి చోటికి వచ్చి ఆగిపోయాయి, తలుపు గడియ పడ్డట్టు.

"నువ్వూ రావే, చూస్తావేం," అంది అత్తగారు గుమ్మంలో పిల్లతో. పిల్ల చేట పడేసి పరిగెత్తుకొచ్చి కుడి మణికట్టు పట్టుకుంది. దాని అరచేతులు చల్లగా ఉన్నాయి. ఇద్దరూ చెరోపక్కా లాగుతున్నారు. బఠాణీలు కాళ్ళకింద నలుగుతున్నాయి.

ఐదు. ఆమె పళ్ళ మధ్య పమిట కొంగు ఉంది, ఎప్పుడు పెట్టుకుందో తెలియదు. నాలుగు. అలల పొడుగు మారిందని తాడులోంచే తెలిసింది. గుంజుడుకీ గుంజుడుకీ మధ్య వ్యవధి తగ్గింది. కూతురు గుండుని వెంటవెంటనే వేస్తోంది. మేట దగ్గరికి వచ్చేశారు.

"కోడలా," అంది అత్తగారు. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ ఆమెని అలా పిలవలేదు, ఏమే, ఒసేయ్, అంతే. "చేతుల్లో దాన్ని పట్టుకునున్నావు. దింపు."

ఆమెకి అది మాటగా అర్థం కాలేదు, బరువుగా అర్థమైంది. నిజమే, చేతుల్లో పిల్ల ఉంది. తడిజుట్టు పిల్ల. గట్టు మీద రెండడుగుల దూరంలోనే పట్టేసుకుని, ఇప్పటిదాకా దింపలేదు. అది గుండు వెయ్యడం నేర్చుకున్నప్పుడూ దింపలేదు. ఇందాక గుమ్మం దాటి నవ్వుతూ పోయినప్పుడూ దింపలేదు. ముఖం చూడకుండా దింపాలి. చూస్తే దింపడం తన వల్ల కాదు. ఆమె కళ్ళు మూసుకుంది. పిల్ల జారి గట్టు మీద నిలబడింది. నీళ్ళ వైపు తిరిగింది. ఆమె తిరగనిచ్చింది.

గుంజింది. మూడు.

భుజంలో ఏదో చిన్న శబ్దమైంది, తడికట్టె విరిగినట్టు. నడివేళ్ళు రెండూ ఒక్కసారే చల్లటి ఇనుముకి తగిలాయి. తగిలి, దాటి, మేకుల తలలు గోళ్ళకింద దిగాయి. ఆమె అరవలేదు. మణికట్లు పట్టుకున్న ఇద్దరూ వదిలేసినా చేతులు అక్కడే ఉన్నాయి.

తర్వాత ఏ గుంజుడూ లేదు.

గుంజుడు ఆగిపోయిందంటే రెండే అర్థాలు. గుండు పైకి తీసేశారు. లేదా వేసే చెయ్యి లేదు. అత్తగారు వెళ్ళి కుర్చీలో కూర్చుంది. పెళ్ళికొడుకు భార్య నేల మీద కూర్చుని, ఒక్కో బఠాణీ ఏరి, కొంగుతో తుడిచి గిన్నెలో వేస్తోంది. వాన మొదలైంది. జల్లు గుమ్మంలోంచి గది మధ్యదాకా వస్తోంది. చాప లాగడానికి ఎవరూ లేవలేదు. ఆమె చేతులు దిగలేదు. మెతక నీరెండ లాంటిది ఒకటి కాసేపు గోడ మీదకొచ్చి పోయింది. దర్జీ గొడుగేసుకుని వచ్చి, లోపలికి చూసి, వెళ్ళి రేవు గట్టు మీద నిలబడ్డాడు.

అతనే ముందు అరిచాడు. ఏమన్నాడో వినబడలేదు. ఆ గొంతు ఏడుపో నవ్వో కూడా తెలియలేదు.

మొదట తమ్ముడు వచ్చాడు. గుమ్మంలో నిలబడి, గోడకి అంటుకున్నట్టున్న అక్కని చూసి, నేల మీద కూలబడ్డాడు.  పొగగొట్టం వచ్చాడు. జేబులోంచి తడిసి ముద్దైన బీడీ కట్ట తీసి, అలాగే చూస్తూ ఉండిపోయాడు. చెప్పింది అతనే. పిల్ల గుండు వేసింది, తోలుముక్క సరిగ్గా నీళ్ళ మీదకొచ్చి ఆగింది. మూడు అని అరవడానికి నోరు తెరిచింది. సరంగు చుక్కాని మేట వైపు తిప్పబోతున్నాడు. అంతలో తాడు దాని చేతుల్లో సాగింది. గుండు కిందే ఉంది, పడవ కదల్లేదు, కాని తోలుముక్క నీళ్ళలోంచి లేచి పిల్ల అరచేతిలోంచి మోచేతిదాకా పాకింది. పిల్ల మూడు అనలేదు. రెండున్నర, తిప్పెయ్ మావయ్యా, అని అరిచింది. సరంగు తిప్పాడు. వాళ్ళు ఉండాల్సిన చోట అల ఇల్లంత లేచి విరిగింది. ఉత్తరపు పాయ మీదుగా, చుట్టు తిరిగి, ప్రయాణికుల పడవని తీసుకొచ్చారు. అందులో పిల్లలు వాంతులు చేసుకుంటున్నారు గాని బతికే ఉన్నారు.

"వాళ్ళింకా వాంతులు చేసుకుంటూనే ఉన్నారు," అన్నాడు పెళ్ళికొడుకు గుమ్మంలోంచి. "నా మీద." అతని భార్య అతని చొక్కా పట్టుకుని నిలబడింది. గుప్పెట్లో బఠాణీలు అలాగే ఉన్నాయి.

కూతురు ఆఖర్న వచ్చింది. భుజాన తాడు చుట్ట ఉంది. అది పొద్దున తీసుకెళ్ళిన చుట్టకంటే పెద్దది.

తాడు గుమ్మం పక్కన దింపి తిన్నగా గోడ దగ్గరికి నడిచింది. "చేతులు దించమ్మా."

"దిగట్లేదు."

కూతురు మేకుల్ని చూసింది, గోళ్ళని చూసింది.  ఆ చేతుల మధ్యకి వచ్చింది. చేతులు ముడుచుకోలేదు. కూతురే మిగిలిన రెండడుగులూ నడిచి, తల్లి మెడ కింద తల ఆనించుకుని నిలబడింది. దాని జుట్టు ఉప్పు వాసన వేస్తోంది.

కాసేపటికి అది అత్తగారి వైపు తిరిగి, "నానమ్మా, నీకొకటి తెచ్చాను" అంది.

గుండు పైకి లాగుతుంటే బరువుగా ఉందట. అడుగున ఏదో తగులుకుందనుకున్నారట. లాగితే ఇంకో తాడు వచ్చింది. నల్లగా, నాచు పట్టి, గవ్వలు కరుచుకుని. కోసి పారేద్దామన్నాడు పెళ్ళికొడుకు. సరంగు దాన్ని చేత్తో తడుముకుంటూ పోయి, వద్దన్నాడు. ముడులు బారకి పడలేదు. బారకి జానెడు తక్కువకి పడ్డాయి.

కూతురు ఆ తాడు తెచ్చి నానమ్మ ఒళ్ళో పెట్టింది. నీళ్ళు కారి ఆవిడ చీర నల్లబడింది. ఆవిడ ఎడంచెయ్యి ముడి ముడికీ జరుగుతూ పోయింది. తోలుముక్క దగ్గర ఆగింది. ఛాతీకి కట్టిన కుడిచెయ్యి కట్టులోపల ఒకసారి కదిలింది, ఆగిపోయింది. తాడు నీళ్ళలో లేదు. ఇక ఆ చెయ్యి కదలదు.

ఆవిడ తలెత్తి గుమ్మం వైపు చూసింది.

"జల్లు కొడుతోంది. తలుపెయ్యండి."

ఎవరూ కదల్లేదు. ఆ తలుపు ఎలా వేస్తారో అక్కడున్న వాళ్ళలో సగం మందికి తెలియదు. తమ్ముడు లేచి, తుప్పు పట్టిన గడియ చేత్తో పట్టుకుని, అక్క వైపు చూశాడు.

"ఆగు," అంది ఆమె.

వేళ్ళు మడుద్దామంటే వేళ్ళు చెరో మేకు దగ్గరున్నాయి. కళ్ళతోనే మొదలుపెట్టింది. గడియ దగ్గర తమ్ముడు, ఒకటి. నేల మీద పొగగొట్టం, రెండు. భార్య పట్టుకున్న చొక్కాలో పెళ్ళికొడుకు, మూడు. చేతుల మధ్య కూతురు, నాలుగు. వెళ్ళింది నలుగురు.

తర్వాత ఆమె అత్తగారి ఒళ్ళోకి చూసింది.

"ఐదు," అంది. "ఇప్పుడెయ్యి."